బావ మెచ్చిన నాటిక

లోంబే అన్న ఇరవై ఏడేళ్ళు లువాన్ష్యా రాగి గనిలో దీపాల గది చూసుకున్నాడు. షిఫ్టు మొదలయ్యే ముందు గనివాళ్ళు వరసగా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, దీపం తీసుకుని టోపీకి తగిలించుకుంటారు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటారు. ఒక్కొక్కడు ఆ కిటికీ ముందు నిలబడేది అర నిమిషం. ఆ అర నిమిషంలోనే ఎవడి ఇంట్లో ఏం జరిగిందో తనకి తెలిసిపోతుందని ఆయన చెప్పేవాడు. కోతలు కోస్తున్నాడనుకుని ఒకసారి పందెం కట్టాను. ఓడిపోయి, ఆయనకీ ఆయన భార్యకీ ఆదివారం భోజనం పెట్టుకున్నాను.

ఆ కిటికీలోంచి చూసి చూసి ఆయన నాటికలు రాయడం మొదలుపెట్టాడు. అన్నీ అరగంటవే. "పెద్ద నాటకం ఒకటి రాయకూడదా అన్నా?" అని ఎవరైనా అడిగితే, "పెద్ద కథ నా కిటికీలో పట్టదమ్మా" అనేవాడు.

నా పేరు నాముకోలో. గని ఆఫీసులో టైపిస్టుని. మా నాటక సంఘంలో ప్రాంప్టర్ని. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మర్చిపోయిన మాటలు అందిస్తుంటాను. మా నటుల జ్ఞాపకశక్తి ఎంత గొప్పదంటే, ఇరవై ఏళ్ళలో మా ఊరి జనానికి నా మొహం కంటే నా గొంతే బాగా తెలిసింది. బజారులో టమాటాలు బేరమాడుతుంటే, "ఓహో, తెర వెనకావిడా!" అని వెనక్కి తిరుగుతారు.

ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా సంఘం నాలుగు నాటికలు వేస్తుంది. నాలుగూ మావాళ్ళు రాసినవే. అవి అయిపోయాక లోంబే అన్న మూడో వరసలోంచి లేచి, స్టేజీ ముందుకొచ్చి, ఒక్కో నాటిక గురించి నాలుగు మాటలు చెప్తాడు. బాగాలేదని ఏనాడూ ఎవరినీ అనలేదు. ఎంత నాసిరకం నాటికలోనైనా సరే, రాసినవాడికే తెలియని మంచి ఒకటి వెతికి పట్టుకునేవాడు. ఒక ఏడు మా ఆసుపత్రి నర్సు ఒకావిడ నాటిక రాసింది. ఇద్దరు రోగులు ఒకే మంచం మీద పడుకుని దుప్పటి కోసం కొట్టుకుంటారు. చూస్తున్నంతసేపూ నాకు ఆవలింతలే. లోంబే లేచి, "దుప్పటి ఇంకా వార్డుకి రానే రాలేదని ఆఖర్న గానీ మనకి తెలియనివ్వలేదు. లేని దుప్పటి కోసం నేనూ అరగంట కూర్చున్నాను. ఇది నేను రాయాల్సింది. నాకు కుళ్ళొచ్చింది" అన్నాడు.

ఆయన నోట "నాకు కుళ్ళొచ్చింది" అన్న మాట వచ్చిందంటే మా సంఘంలో పతకం వచ్చినట్టే. ఆ నర్సు మూడు నెలలపాటు ఇంజెక్షను పొడిచిన ప్రతి రోగికీ ఈ సంగతి చెప్పింది. ఆయన చెప్పాక ఆ నాటిక తలుచుకుంటే నాకూ బాగుందనిపించింది. అదీ ఆయన మహిమ. మనం చూసినదాన్నే మనకి చూపించేవాడు.

ఇక జెరే అన్న. గని కలప యార్డులో వడ్రంగి. మా నాటికలకి కావలసిన తలుపులూ కిటికీలూ మంచాలూ ఆయనే చేసేవాడు. ఆయనా రాసేవాడు. లోంబే బెంబా తెగ మనిషి, జెరే ఎంగోనీ తెగ మనిషి. వీళ్ళ ముత్తాతలు ఒకప్పుడు ఒకళ్ళ తలలు ఒకళ్ళు బద్దలు కొట్టుకున్నారు. అది మానేశాక బావా బామ్మర్దుల వరస కలుపుకున్నారు. అప్పట్నుంచీ బెంబావాడు ఎంగోనీవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, ఎంగోనీవాడు బెంబావాణ్ణి పట్టుకుని ఏడిపించొచ్చు. పెళ్ళింట్లోనైనా, కోర్టులోనైనా, చావింట్లోనైనా సరే. కోపం తెచ్చుకున్నవాడే నవ్వులపాలు. నేను లోజీ తెగదాన్ని. నాకు వీళ్ళిద్దరితోనూ ఆ వరస లేదు. నేను ఎవరినైనా తిడితే నిజంగా తిట్టినట్టే.

జెరే రాసేవన్నీ కడుపుబ్బ నవ్వించే నాటికలు. పెళ్ళివారు తెచ్చిన మేక తప్పిపోయి పాస్టరుగారి కుర్చీ కింద దొరకడం, అలాంటివి. అవి అయ్యాక లోంబే లేచేవాడు.

"మా బావ నాటికలో నాకు నచ్చింది ఒక్కటే, తలుపు. నిక్షేపంలా మూసుకుంది. ఇంకో ఇరవై నిమిషాలు ముందు మూసి ఉంటే మనమంతా బాగుపడేవాళ్ళం."

తెర పక్కనుంచి జెరే తల బయట పెట్టేవాడు. "కోతుల్ని తినేవాడివి, నీకేం తెలుస్తుందిరా బామ్మర్దీ నాటకం? చెట్టెక్కి చూడు, అర్థమవుతుంది!"

"ఎలకల్ని తినేవాడివి, ముందు నువ్వు కన్నంలోంచి బయటికొచ్చి మాట్లాడు బావా!"

జనం ఈలలు. ఈ తిట్ల కోసమే పక్క ఊళ్ళనుంచి లారీలెక్కి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. అందరికీ అన్నీ విడమరిచి మెచ్చుకున్న మనిషి, ఇరవై ఆరేళ్ళలో జెరేకి మాత్రం ఒక్క ముక్క సూటిగా చెప్పలేదు. వరస అలాంటిది మరి.

కిందటేడు జెరే భార్య ఎస్నాత్ వదిన పోయింది. కడుపులో నొప్పి అంది, ఆసుపత్రి బండి ఎక్కింది, మూడో రోజుకి లేదు. చావింట్లో లోంబే వరసైనవాడు చెయ్యాల్సినవన్నీ చేశాడు. గొయ్యి తవ్వినవాళ్ళలో ఉన్నాడు. నీళ్ళు మోశాడు. శవపేటిక కదిలే వేళకి దారికి అడ్డంగా పడుకుని, "ఈవిడ పోలేదర్రా, ఈ ఎలకలరాయుడికి వండి పెట్టలేక నిద్ర నటిస్తోంది" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. జెరే కూడా నవ్వాడు. అక్కడ కూడా ఇద్దరి మధ్యా మామూలు మాట ఒక్కటి రాలేదు.

ఆ తరవాత అయిదు నెలలు జెరే ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆరో నెలలో ఒకరోజు నా ఆఫీసుకొచ్చి, బల్ల మీద కాగితాలు పెట్టి, "చెల్లీ, ఇది టైపు చెయ్యి" అని వెళ్ళిపోయాడు. అర్థం పట్టించుకుంటే వేళ్ళు తప్పుతాయని నేను చదవకుండా టైపు చేస్తాను. ఆ రోజు పద్నాలుగు పేజీల్లో పదకొండు తప్పులు పడ్డాయి.

అందులో మేక లేదు, పాస్టరు లేడు. ఒక మొగుడు, ఒక పెళ్ళాం. మొగుడు షిఫ్టు దిగి వచ్చేసరికి గిన్నె మీద మూత కనపడదు. అరగంట సేపు ఆ మూత గురించే పోట్లాట. నువ్వు పారేశావంటే నువ్వు పారేశావని. "కుర్చీ జరుపు" అంటే జరపడు, "కాళ్ళు కడుక్కో" అంటే కడుక్కోడు. ఆవిడ చెప్పిన పని ఒక్కటీ చెయ్యడు. ఆఖర్న ఆవిడ పక్కింట్లో మూత అడిగి తెస్తానని లేస్తుంది. గుమ్మం దాటుతూ "కుంపటి ఆరనివ్వకు, వచ్చేస్తా" అంటుంది. ఆయన అట్టముక్క తీసుకుని కుంపటి విసురుతూ కూర్చుంటాడు. తెర పడుతుంది.

కాగితాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు జెరే నిలబడే అడిగాడు. "ఎలా ఉంది?"

"బాగుందన్నా."

"నువ్వు బాగుందంటావు. నర్సమ్మా అంటుంది, స్కూలు మాస్టారూ అంటాడు. ఎస్నాత్ పోయిందని మీకందరికీ నా మీద జాలి. నా మీద జాలిపడనివాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, ఆ కోతి వెధవ. నాటిక అంటే ఏంటో తెలిసినవాడు కూడా వాడొక్కడే. వాడు చెప్పాలి చెల్లీ. వాడేమో చెప్పలేడు."

"ఎందుకు చెప్పలేడు?"

"ఏం చెప్పినా ఇద్దరం నవ్వుతాం గదా! ఇంతకాలం అదేగా చేసింది." కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది బాగుందో లేదో నాకు తెలియాలి. లేకపోతే చింపేస్తా. మళ్ళీ ఈ జన్మలో పెన్ను పట్టుకోను."

ఆదివారం వచ్చింది. మొదటి మూడు నాటికలూ అయ్యాయి. నాలుగోది జెరేది. నర్సు భార్య వేషం, మాస్టారు భర్త వేషం. నా స్టూలు మీంచి తెర సందులో మూడో వరస కనిపిస్తుంది. ఆట మొదలైన పది నిమిషాలకి లోంబే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తరవాత కదల్లేదు. జెరే ఇదేం చూడలేదు. ఎటో స్టేజీ వెనకాల సుత్తి పట్టుకుని తిరుగుతున్నాడు.

తెర పడింది. లోంబే ముందుకొచ్చి మొదటి మూడు నాటికల గురించీ చెప్పాల్సింది చెప్పాడు. జెరే పేరు ఎత్తగానే హాల్లో ఇకఇకలు మొదలయ్యాయి. ముందు వరసలో గని షిఫ్టు కెప్టెన్ అయితే నవ్వి నవ్వి వచ్చే నీళ్ళు తుడుచుకోడానికి రుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"మా బావ నాటిక చూశాను" అన్నాడు లోంబే. నవ్వులు.

"ఇన్నేళ్ళలో ఈ స్టేజీ మీద ఇంత మంచి నాటిక నేను చూడలేదు."

హాలు ఘొల్లుమంది.

"నవ్వకండి. ఇందులో అరగంట సేపు మూత గురించి తప్ప ఇంకో మాట లేదు. ప్రేమ అన్న మాట ఒక్కసారి రాలేదు. కానీ వాళ్ళు ఒకళ్ళు లేకుండా ఒకళ్ళు అన్నం తినలేరని మనందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసింది? ఎవరూ చెప్పలేదే! మా బావ చెప్పకుండా చెప్పాడు. ఇలాంటిది రాయాలని ఇరవై ఏళ్ళు తిప్పలు పడ్డాను. నా వల్ల కాలేదు."

షిఫ్టు కెప్టెన్ బెంచీ మీంచి జారి కింద పడ్డాడు. ఇద్దరు లేపబోయి వాళ్ళూ కూలబడ్డారు. "అబ్బబ్బ, ఏం వెటకారంరా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. లోంబే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకున్నాడు. దానికి చప్పట్లు కొట్టారు, ఏం నటిస్తున్నాడురా అని.

"నాకు కుళ్ళొచ్చింది" అన్నాడాయన ఆఖరికి, దాదాపు అరుస్తూ. ఇక ఆ హోరులో ఏమీ వినపడలేదు.

జెరే కూడా తెర పక్కన నిలబడి నవ్వాడు. "ఇంకా అనరా కోతీ, ఇంకా అను!" అన్నాడు. జనం వెళ్ళాక సుత్తీ మేకులూ డబ్బాలో సర్దుకుంటూ నాతో అన్నాడు. "అంత చెత్తగా ఉందా చెల్లీ? తిట్టడానికి కూడా వాడికి ఏమీ దొరకలేదు. పాపం, మొదటిసారి నా మీద జాలిపడ్డాడు."

"ఆయన నిజంగా అన్నాడన్నా!"

"నీకు జాలి ఎక్కువ."

నాకు జాలి ఎక్కువట! నన్ను ఆ మాట అన్నవాడు ప్రపంచంలో ఈయనొక్కడే. మా ఆయన వింటే మంచం మీంచి పడేవాడు.

ఆ సాయంత్రం సంఘం వాళ్ళు చేతులెత్తి జెరే నాటికనే రాజధాని లుసాకాలో జరిగే పోటీకి పంపాలన్నారు. శనివారం పది గంటల బస్సుకి కాగితాలు వెళ్ళాలి. జెరే ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నాతో మాత్రం, "శనివారం పొద్దున్న కుంపటి అంటించుకోడానికి పనికొస్తాయిలే" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

సోమవారం దీపాల గదికి వెళ్ళాను. లోంబే మొహం మాడిపోయి ఉంది.

"చెల్లాయ్, నేను నిజమే చెప్పానే!"

"చెప్పావు. ఎవడు నమ్మాడు?"

"ఉత్తరం రాస్తాను."

నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్లో జెరేకి అందింది. మనవాడు బల్ల మీదకెక్కి మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదివాడు. తింటున్న మొక్కజొన్న న్షీమా ముద్ద గొంతుకి అడ్డం పడి ఒకడికి వీపు మీద గుద్దాల్సి వచ్చింది. పక్క బల్ల దగ్గర కూర్చుని లోంబే తలొంచుకుని కపెంటా చేపలు కెలుకుతున్నాడు. "ఇంత కమ్మగా వెక్కిరించేవాడు ఈ గనిలో ఇంకోడు పుట్టలేదు" అని వచ్చి ఆయన భుజం తట్టి పోయారు జనం.

నాకు తిక్కరేగింది. లోంబేని క్యాంటీను బయటికి లాక్కొచ్చి పట్టుకున్నాను.

"ఇన్ని నాటికలు రాశావు, అన్నా! లేనివాళ్ళని ఉన్నట్టు నమ్మిస్తావు, జరగనివి జరిగినట్టు నమ్మిస్తావు. జరిగింది ఒక్కటి, నిజం ఒక్కటి, ఒక్క మనిషిని నమ్మించలేవా? ఆయన కాగితాలు కాల్చేస్తానంటున్నాడు. మళ్ళీ రాయనంటున్నాడు. నీకేం, తిట్టుకోడానికి ఇంకో ఎంగోనీ దొరుకుతాడు!"

ఆ చివరి మాట ఎక్కువైందని అన్నాక తెలిసింది.

"తిడితే నవ్వుతాడు. పొగిడితే నవ్వుతాడు" అన్నాడు లోంబే. "నీ దగ్గర కార్బను ప్రతి ఉందా? ఇవ్వు."

ఇచ్చాను. బుధ, గురువారాలు దీపాల గదిలో అదే చదువుతూ కూర్చున్నాడు. ఒకడి దీపం ఇంకొకడికి ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆయన కిటికీ దగ్గర గొడవ జరిగింది. షిఫ్టు కెప్టెన్ వచ్చి చెడామడా తిట్టి వెళ్ళాడు. దానికీ ఆయన చెవి ఒగ్గలేదు, పేజీ తిప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం నా ఆఫీసు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లాయ్, తప్పు దొరికింది!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మనం మెచ్చుకోడానికి దారి వెతుకుతుంటే, తప్పు దొరికిందని సంబరపడతావేమయ్యా? బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉన్నది ఒకే ఒక్క తప్పు. రేపు ఎనిమిదింటికి వాడింటికి రా. ప్రాంప్టు ప్రతీ, పెన్సిలూ పట్టుకురా" అనేసి వెళ్ళిపోయాడు. రాత్రంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

శనివారం ఎనిమిదింటికి వెళ్ళేసరికి జెరే వంటింటి వసారాలో కుంపటి మీద జావ కాస్తున్నాడు. కాగితాల కట్ట పక్కనే పీట మీద ఉంది. అప్పటికింకా కాల్చలేదు, అంతవరకు నయం. లోంబే నా వెనకే వచ్చాడు.

"రారా కోతీ!" అన్నాడు జెరే. "జావలోకి మీ బెంబాలు తినే గొంగళిపురుగులు లేవు, సర్దుకో. ఇంకో ఉత్తరం తెచ్చావా? క్యాంటీన్లో అందరూ అడుగుతున్నారు."

లోంబే తిరిగి ఏమీ అనలేదు. నేను కంగారుపడ్డాను. ఎలక అనాలి, కన్నం అనాలి, ఏదో ఒకటి అనాలి. ఆయన పీట మీంచి కాగితాలు తీసి, పీట మీద కూర్చున్నాడు.

"పద్నాలుగో పేజీ చూడు, జెరే."

జెరే చేతిలో గరిటె ఆగింది. ఇన్నేళ్ళలో లోంబే ఆయన్ని పేరు పెట్టి పిలవడం నేను విన్లేదు. ఆయనా విన్లేదనుకుంటాను.

"ఏముంది పద్నాలుగో పేజీలో?"

"ఆవిడ గుమ్మం దాటుతూ 'కుంపటి ఆరనివ్వకు, వచ్చేస్తా' అంటుంది. ఆ మాట ఉండకూడదు."

"ఏం, మీ బెంబాల ఇళ్ళల్లో కుంపట్లుండవా?" అన్నాడు జెరే, నవ్వబోతూ. లోంబే నవ్వలేదు. జెరే నవ్వు సగంలో ఆగింది.

"ఆవిడ చెప్పాక విసిరాడనుకో, పెళ్ళాం చెప్పిన పని మొగుడు చేశాడు, అంతే. అరగంట నుంచి కుర్చీ కూడా జరపని మనిషి వీడు. ఆవిడ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోవాలి. వీడు కాసేపు ఊరికే కూర్చోవాలి. తరవాత తనంతట తను వంగి విసరడం మొదలుపెట్టాలి. నువ్వు రాసిన నాటిక అది. ఈ మాట దానికి అడ్డంగా నిలబడింది."

"ఆ మాట లేకపోతే ఎందుకు విసురుతున్నాడో జనానికి ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది."

"వెనక బెంచీలవాళ్ళకి?"

"వాళ్ళకే ముందు తెలుస్తుంది. షిఫ్టు నుంచొచ్చి కుంపటి విసరనివాడు ఎవడున్నాడు ఆ బెంచీల్లో?"

"విసరడం మొదలెట్టేలోపు తెర లాగేస్తారు మనవాళ్ళు!"

"తెర లాగేవాడి చెయ్యి నేను పట్టుకుంటా."

గంటసేపు వాదించుకున్నారు. పదో పేజీకి వెళ్ళారు, మూడో పేజీకి వెళ్ళారు, మళ్ళీ పద్నాలుగుకి వచ్చారు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగాలా వద్దా, ఆగితే వెనక్కి చూడాలా వద్దా. జావ అడుగంటింది. నేనే దించాను, వాళ్ళు చూసుకోలేదు. వాళ్ళ మాటల్లో ఒక్క ఎలకా రాలేదు, ఒక్క కోతీ రాలేదు. వీళ్ళిద్దరూ ఇలా మాట్లాడుకోగలరని నాకు అప్పటిదాకా తెలియదు. బస్సుకి ఇంకా గంటే ఉంది.

"అది తియ్యను" అన్నాడు జెరే ఉన్నట్టుండి. "ఇంకేం కావాలన్నా తియ్యి. అది తియ్యను."

"ఎందుకని?"

"అది ఎస్నాత్ అన్న మాట. ఆసుపత్రి బండి ఎక్కుతూ అంది. మిగతాదంతా నేను కల్పించింది. మా ఇంట్లో మూత పోనే లేదు. మేం అంతసేపు ఎప్పుడూ పోట్లాడుకోలేదు కూడా. మొత్తం పద్నాలుగు పేజీల్లో ఆవిడది అదొక్కటే." కుంపటి వైపు చూశాడు. "మూడు రోజులు ఆరనివ్వలేదురా. ఆసుపత్రికి వెళ్ళడం, బొగ్గులెయ్యడానికి ఇంటికి పరిగెత్తుకురావడం. ఎవరికీ చెప్పలేదు."

నేను గోడ వైపు తిరిగాను. అప్పుడు నా మొహం ఎవరూ చూడక్కర్లేదు.

"ఆ మాట ఆవిడదని నాకు తెలుసు" అన్నాడు లోంబే మెల్లగా. "ఆ రోజు బండి తలుపు పట్టుకుని నిలబడింది నేనే. విన్నాను. అందుకే అది అతుకులా కనపడింది, జెరే. అదొక్కటే నువ్వు రాయలేదు. మిగతాదంతా నువ్వు రాశావు. నువ్వు రాసింది చాలు. అందులో ఆవిడ పూర్తిగా ఉంది."

జెరే చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఎక్కడైనా నవ్వు దాక్కుందేమోనని వెతుకుతున్నట్టున్నాడు.

"నిజంగా బాగుందా?"

"లేకపోతే ఒక్క మాట కోసం మూడు రోజులు కూర్చుంటానా? షిఫ్టు కెప్టెన్ చేత తిట్లు తింటానా?"

"అయితే ఆదివారం హాల్లో అన్నది..."

"నిజమే."

"ఉత్తరం?"

"అదీ నిజమే."

"చచ్చినోడా! బల్లెక్కి మరీ చదివాను కదరా!" జెరే తల పట్టుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తరవాత ఆయన తలెత్తి, భుజం మీది తువ్వాలు తీసి మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

"ఆదివారం చెప్పింది మళ్ళీ చెప్పు. అప్పుడు నాకు వినపడలేదు."

లోంబే లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. అవే మాటలు చెప్పాడు, ఒకటి తగ్గకుండా, ఒకటి పెంచకుండా. ఇన్నేళ్ళలో ఇంత మంచిది చూడలేదని చెప్పాడు. ప్రేమ అన్న మాట ఒక్కసారి రాలేదని చెప్పాడు. తన వల్ల కాలేదని చెప్పాడు. "నాకు కుళ్ళొచ్చింది" అని చెప్పి కూర్చున్నాడు. నేను అందించాల్సిన మాట ఒక్కటీ లేదు.

జెరే చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. విన్నాక నా వైపు తిరిగాడు.

"పెన్సిలు తెచ్చావా చెల్లీ?"

తెచ్చానన్నాను.

"ఆ మాట కొట్టెయ్యి." నేను బస్సుకి వెళ్ళాల్సిన కట్టలో పద్నాలుగో పేజీ మీదకి వంగగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "బరబరా కొట్టకు. ఒక్క గీతే గియ్యి. కింద మాట కనపడాలి."

ఒక్క గీతే గీశాను.